బ్రాకెట్ ముందు ఖాళీ

లిఫ్టు మెకానిక్ చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది, పెదాల మీద ఈల ఉంది. ఖాళీ చేపల పెట్టెల మధ్య నిలబడి పై అంతస్తుకు వెళ్తున్నాడు.

అదే సమయానికి, ఆ భవనం అడుగున ఉన్న అద్దాల గదిలోని మెషీన్‌కు సముద్రం అవతలి నుంచి ఒక ఆర్డరు వచ్చింది. మెషీన్ దాన్ని ఒక్కో అక్షరంగా చదివింది. బ్రాకెట్ తెరుచుకుంది. ఒక మాట వచ్చింది. ఒక అంకె వచ్చింది. చిన్న ఖాళీ వచ్చింది. బ్రాకెట్ మూసుకుంది.

లిఫ్టు కిందపడింది.

మనిషి పోయాక కూడా ఈల కాసేపు వినిపించిందని పెట్టెలు మోసేవాళ్ళు చెప్పుకున్నారు. అది ఈల కాదు, తెగిన తీగ ఊగుతున్న చప్పుడు.

"చంపిందెవరు?" అని అడిగింది వదిన.

"ఎవరూ కాదు. అదే ఆ ముఠా గొప్ప," అన్నాడు పెద్దాయన. "వాళ్ళ బాస్ పరాయి దేశంలో కూర్చుని ఆర్డరు పంపుతాడు. ఇక్కడ మెషీన్ చదువుతుంది, చేసేస్తుంది. పైకి చూస్తే చేపల కోల్డ్ స్టోరేజీ. తలుపులు, లిఫ్టులు, ఫ్యాన్లు అన్నీ దాని చేతిలోనే. ఎవడి వేలిముద్రా పడదు."

పెద్దాయన గూఢచారి శాఖకు అధిపతి. బల్లమీద నీళ్ళగ్లాసు తప్ప ఇంకేమీ ఉంచుకోడు. వదిన అనేది ఆమె పేరు కాదు. ఆమె భర్త ఈ శాఖలోనే ప్రోగ్రామర్, ఆఫీసులో అందరికీ అన్న. ఒక రహస్య ప్రయాణంలో పడవ మునిగి చనిపోయాడు. ఆయన భార్య కాబట్టి ఈమె అందరికీ వదిన అయింది. ఆయన కుర్చీలోనే ఈమెను కూర్చోబెట్టారు. చదువుకోవడానికి దొరికినవి, లిస్ప్ అనే కంప్యూటర్ భాషలో ఆయన రాసి వదిలేసిన ప్రోగ్రాములు మాత్రమే. కాపురం చేసినన్నాళ్ళూ ఆ మనిషి ఆమెకు అర్థం కాలేదు. పోయాక ఆయన ప్రోగ్రాములు మాత్రం అక్షరం అక్షరం కూడబలుక్కుని అర్థం చేసుకుంది. ఇప్పుడు ఆమె శాఖలో ఏజెంటు.

"మెకానిక్ మనవాడే కదా సార్. వాళ్ళావిడకు ఏం చెప్పారు?"

"లిఫ్టు పాడైందని. నిజమే కదా."

"నాకు పడవ పాడైందని చెప్పారు."

"అదీ నిజమే. శవం పెట్టె కూడా పంపించాం."

"తెరవొద్దన్నారు."

"నీ మంచికే అన్నాం." పెద్దాయన గ్లాసు ఎత్తి రెండు గుక్కలు తాగాడు. "పనిలోకి వద్దాం. నెమలి సంగతి తెలుసుగా?"

తెలుసు. నెమలి ఆ కోల్డ్ స్టోరేజీలో మేనేజరు సెక్రటరీ. వాళ్ళ జీతం తీసుకుంటూ మన పని చేస్తుంది. ఈ దేశంలో ఆ ముఠాకు పనిచేసే ప్రతివాడి పేరూ ఆమె తలలో ఉంది. కాగితం మీద పెట్టదు. పెడితే తన విలువ కాగితానికి పోతుందని ఆమె భయం.

"ఆమె మీద వాళ్ళకు అనుమానం వచ్చింది. ఈ మధ్యాహ్నం ఆర్డరు వస్తుంది. నాలుగో గది."

"నాలుగో గదిలో ఏముంది?"

"బ్లాస్ట్ ఫ్రీజర్. ఆర్డరు పడగానే తలుపు దానంతటదే మూసుకుంటుంది, పెద్ద ఫ్యాన్లు తిరుగుతాయి. మెత్తటి చేప కాసేపట్లో రాయి అవుతుంది. మనిషికి అంతసేపు కూడా పట్టదు."

"వైరు తెంచేస్తే?"

"మెకానిక్ అదే చేయబోయాడు. వైరు తెగితే అలారం. మెషీన్ ఆగితే అలారం. చదివినదాంట్లో తప్పు దొరికితే అలారం. అలారం మోగితే వాళ్ళ చేతుల్లో తుపాకులు ఎలాగూ ఉన్నాయి." పెద్దాయన ముందుకు వంగాడు. "మెషీన్ మీద నడిచేది లిస్ప్. ఆర్డరు చదివే భాగాన్ని రీడర్ అంటారని నాకంటే నీకే బాగా తెలుసు. రీడర్‌కు అక్షరాలు అందించేది స్ట్రీమ్. కుళాయి తిప్పితే నీళ్ళొస్తాయి, వెనకాల ఏముందో గిన్నెకు తెలియదు. ఆ కుళాయికి నువ్వు సొంత స్ట్రీమ్ ఒకటి తయారుచేసి బిగించాలి. ఆర్డరు నీ చేతుల్లోంచి వెళ్ళాలి. ఎలా పాడుచేస్తావో నీ ఇష్టం. అలారం మాత్రం మోగకూడదు."

"వాళ్ళ ప్రోగ్రామ్ రాసిందెవరు?"

"మాస్టారు అంటారట. మనవాళ్ళెవరూ చూడలేదు." గ్లాసు ఖాళీ అయిపోయినా పెద్దాయన ఇంకోసారి ఎత్తి తాగాడు. "నెమలి బయటికి రావాలి. నువ్వు కూడా వస్తే సంతోషిస్తాం."

కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర గడ్డంవాడు ఒకడు తుపాకీతో నిలబడి ఉన్నాడు. వదిన నెరిసిన విగ్గు, దళసరి కళ్ళద్దాలు పెట్టుకుంది. చేతిలో రేకు పెట్టె. చల్లదనం కొలిచే పరికరాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే ఇన్‌స్పెక్టర్ వేషం. ఆ రేకు పెట్టెకు ముందువైపు థర్మామీటర్ తెర ఉంది. వెనకవైపు మూత తీస్తే చిన్న కీబోర్డు, ఇంకో తెర ఉన్నాయి. థర్మామీటర్ వైరు గుచ్చే చోటే గుచ్చితే చాలు, మెషీన్ లోపలికి దారి దొరుకుతుంది.

"పోయిన నెలే వచ్చి చూసి వెళ్ళారుగా?" అన్నాడు గడ్డంవాడు.

"ఆయన రిటైరయ్యారు నాయనా. నన్ను తోలారు. ఈ వయసులో మోకాళ్ళకు చలి మంచిదంటావా?"

గడ్డంవాడు నవ్వి తలుపు తీశాడు.

లోపల చేపల వాసన. ఆ వాసనను చీల్చుకుంటూ సెంటు వాసన ఒకటి వచ్చింది, దాని వెనక నెమలి వచ్చింది. మడమల దాకా బొచ్చు కోటు, ఎర్రటి పెదాలు, మంచు పట్టిన నేలమీద కూడా జారని ఎత్తుమడమల చెప్పులు. పెట్టెలు మోసేవాళ్ళు ఆమెకు దారివ్వడానికి గోడకు అతుక్కుపోయారు.

"మీ థర్మామీటర్ ఏ ఊరిదండీ?" అంది నెమలి.

అది కోడ్.

"పుట్టింటివాళ్ళు పెట్టారు," అంది వదిన.

"రండి." నడుస్తూ గొంతు తగ్గించింది. "ఇంత ఆలస్యమా వదినా? మధ్యాహ్నం నన్ను నాలుగో గదికి రమ్మన్నారు. స్టాకు లెక్క చూడాలట. సెక్రటరీని పిలిచి చేపలు లెక్కపెట్టిస్తారా ఎవరైనా?"

"భయమేస్తోందా?"

"కోటు పాడవుతుందని బాధగా ఉంది."

కానీ అద్దాల గది తాళంలో చెవి మూడోసారికి గానీ పట్టలేదు. వదిన చూడనట్టు తల తిప్పుకుంది. వెంటే వచ్చిన గడ్డంవాడు అద్దం బయటే నిలబడ్డాడు. వైరు గుచ్చడం, మూత తీయడం, కళ్ళద్దాలు సర్దుకోవడం అంతా ఒక్క ఊపులో అయిపోయింది. మెషీన్ మీద ఆకుపచ్చ దీపం వెలుగుతోంది. ఆర్డరు కోసం ఎదురుచూస్తోందన్న మాట. తెరమీద ప్రోగ్రామ్ పైకి జరగసాగింది.

మాస్టారు కూడా సొంత స్ట్రీమే కట్టుకున్నాడు. వైరు మీద రహస్య లిపిలో వచ్చే ఒక్కో అక్షరాన్నీ మామూలు అక్షరంగా మార్చి రీడర్‌కు ఇచ్చే స్ట్రీమ్ అది. చదివే మెథడ్, అంటే ఆ పని చేసే ప్రోగ్రామ్ ముక్క, చక్కగా రాశాడు. దాని కిందే ఇంకో మెథడ్ ఉండాలి. ఎందుకంటే రీడర్‌కు 4 కనబడితే అది నాలుగో, నలభయ్యో వెంటనే తెలియదు. తెలియాలంటే తర్వాతి అక్షరం తీసి చూడాలి. అంకె కాకపోతే ఆ అక్షరాన్ని తీసినచోటే వెనక్కి పెట్టాలి. సొంత స్ట్రీమ్ కట్టేవాళ్ళు వెనక్కి పెట్టే ఆ మెథడ్ కూడా తామే రాసుకోవాలి.

మాస్టారు రాశాడు. పేరు రాశాడు, లోపల ఏమీ రాయలేదు. వెనక్కి పెట్టమంటే "సరే" అని, చేతిలోది పారేసే మెథడ్.

మరి ఇన్నాళ్ళూ ఎలా నడిచింది? పైన ఒక వరసలో ఉంది జవాబు. ఆర్డరు పంపేవాళ్ళు మూసే బ్రాకెట్ ముందు ఒక ఖాళీ తప్పకుండా వదలాలి. అంకె తర్వాత రీడర్ ఆ ఖాళీని తీస్తుంది. అది పోతే నష్టం లేదు. బ్రాకెట్ భద్రంగా మిగులుతుంది.

వదిన చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి.

ఒకప్పుడు ఇంట్లో, భర్త భుజం మీదుగా చూస్తూ ఆమె అడిగింది. ఆ వంపుగీత ముందు ఖాళీ ఎందుకండీ అని. "దానికి గాలాడాలి. నీకెందుకే, వెళ్ళు," అన్నాడు. ఆయన పోయాక ఆయన ప్రోగ్రాములన్నీ చదివితే తెలిసింది, గాలీ లేదు ఏమీ లేదు, వట్టి బద్ధకమని. బీరువా తెరిస్తే మూసేవాడు కాదు. నోరు జారితే ఆ మాట వెనక్కి తీసుకునేవాడు కాదు. ప్రోగ్రాముల్లోనూ అంతే. తీసింది ఏదీ తీసినచోట పెట్టడం ఆ మనిషికి చేతకాదు.

"ఏమైంది వదినా? మొహం అలా పాలిపోయింది?"

"ఏం లేదు. తెలిసినవాళ్ళ దస్తూరి."

నడుస్తున్న ప్రోగ్రామ్‌ను ఆపకుండానే మార్చే సదుపాయం లిస్ప్‌లో ఉంది. ఆమె వేళ్ళు మళ్ళీ కదిలాయి. కొత్త స్ట్రీమ్‌కు నమూనాగా ఒక క్లాసు. అక్షరం అడిగితే మాస్టారు స్ట్రీమ్ నుంచి తీసి ఇవ్వడం. వచ్చింది ఖాళీ అయితే పట్టి ఉంచడం. దాని వెనక వచ్చేది మూసే బ్రాకెట్ అయితే ఖాళీని మింగేసి బ్రాకెట్ ఒక్కటే ఇవ్వడం. వెనక్కి పెట్టమని అడిగితే ఆ సంగతి మాస్టారు మెథడ్‌కే వదిలేయడం. అంతే. తన స్ట్రీమ్‌ను మాస్టారు స్ట్రీమ్ మీద తొడిగి రీడర్‌కు అందించింది. రీడర్‌కు తేడా తెలియలేదు. ఆకుపచ్చ దీపం అలాగే వెలుగుతోంది.

"అయిందా?" అంది నెమలి.

"అయింది. ఇక మెషీన్ తప్పు చేయదు, ఆగదు. ఎదురుచూస్తుంది. ఎదురుచూడటానికి అలారం లేదు."

వెనకనుంచి చప్పట్లు వినిపించాయి.

"టైపింగ్ బాగానే వచ్చిందే! నేనున్నప్పుడు సబ్బు మీద పేరు చదవడానికి కూడా తంటాలు పడేదానివి."

గుమ్మంలో మాస్టారు. చిక్కిపోయాడు. జుట్టుకు నల్లరంగు వేశాడు. పక్కన గడ్డంవాడి తుపాకీ ఇద్దరు ఆడవాళ్ళ మీదికి గురిపెట్టి ఉంది.

వదిన మూత వేసి, థర్మామీటర్ తెర కనబడేలా పెట్టెను తిప్పింది. "మీరు పోయాక తీరిక దొరికిందండీ."

"విగ్గు బాలేదు."

"మీకు రంగూ బాలేదు."

నెమలి ఒకసారి ఆయన్ని, ఒకసారి ఈమెను చూసింది. "అయ్యో రామా," అంది.

"పడవలో మిగతావాళ్ళు?" అని అడిగింది వదిన.

"వాళ్ళు నిజంగానే పోయారు. వాళ్ళు పోకపోతే నేను పోయానని ఎవడు నమ్ముతాడు?"

"ఇంటికి పెట్టె వచ్చింది."

"ఇసుక. మీ పెద్దాయనే పోయించి ఉంటాడు. తన ప్రోగ్రామర్ శత్రువుకు అమ్ముడుపోయాడని తెలిస్తే ఆయన కుర్చీ ఉంటుందా? పోయాడంటే అందరికీ మర్యాద."

"దానిమీద పడి ఏడ్చాను."

"ఇసుక మీద ఏడ్చినా ఉద్యోగం ఇచ్చారుగా. ఇంకేం కావాలి నీకు?" ఆయన మెషీన్ వైపు చూశాడు. ఆకుపచ్చ దీపం. తృప్తిగా తలాడించాడు. "నువ్వేం కెలికినా అలారం మోగేది. మోగలేదు. అంటే నీవల్ల కాలేదన్నమాట. పదండి. సెక్రటరీ గారికి చేపలు లెక్కపెట్టే పని ఉంది. నువ్వూ సాయం చేద్దువుగాని. ఆర్డరు ఒకటే, మనుషులు ఇద్దరు. కరెంటు కలిసొస్తుంది."

నాలుగో గది పొడవాటి ఇనప గుహలా ఉంది. ఫ్యాన్లు ఇంకా తిరగడం లేదు. అయినా ఊపిరి తెల్లగా కనబడుతోంది. ఇద్దర్నీ లోపల గోడకు ఆనించి నిలబెట్టారు. గడ్డంవాడు గుమ్మంలో నిలబడ్డాడు. తలుపుకు ఎదురుగా వరండాలో తెర ఒకటి ఉంది. మెషీన్ చదివి ఉంచుకునే ప్రతి అక్షరం దానిమీద పడుతుంది.

"చదువొచ్చిందిగా, చదువుకో," అన్నాడు మాస్టారు. "నీ చావు నువ్వే చదువుకునే అదృష్టం అందరికీ పట్టదు."

నెమలి చేయి వచ్చి వదిన చేతిని పట్టుకుంది. మంచుకంటే చల్లగా ఉంది ఆ చేయి.

తెరమీద బ్రాకెట్ తెరుచుకుంది.

గ. డ్డ. క. ట్టిం. చు.

ఖాళీ.

4.

అందరూ తలుపు వైపు చూశారు. తలుపు కదల్లేదు. ఫ్యాన్లు కదల్లేదు. వరండా చివర అలారం పెట్టె మౌనంగా ఉంది.

"ఏంట్రా ఇది?" అన్నాడు మాస్టారు.

"నాకేం తెలుసు మాస్టారూ," అన్నాడు గడ్డంవాడు.

"మెషీన్ బాగానే ఉంది. ఆ ఈలగాడు! చచ్చేముందు తలుపు మోటారు కెలికి ఉంటాడు." మాస్టారు టార్చి తీసుకున్నాడు. మోటారు పెట్టె గది లోపల, తలుపు పక్కన గోడకు ఉంది. విసుక్కుంటూ లోపలికొచ్చి పెట్టె మూత తీశాడు. ఎప్పటిలాగే మూత నేలమీద పడేసి లోపలికి తల పెట్టాడు.

నెమలి గుమ్మం వైపు రెండడుగులు వేసింది. "ఈ చేపల వాసన భరించలేకపోతున్నాను. నా సెంటు సీసా తీసుకోనా బాబూ? పోయేటప్పుడైనా బాగుండాలి కదా."

ఆడమనిషి ఆఖరి కోరిక. గడ్డంవాడు తుపాకీ దించకుండానే సరేనన్నట్టు గడ్డం ఊపాడు. నెమలి కోటు జేబులోంచి సీసా తీసి అతని మొహమ్మీద కొట్టింది. అది సెంటు కాదు, మత్తుమందు. గడ్డంవాడు అక్కడే కూలబడ్డాడు. ఇద్దరూ అతన్ని వరండాలోకి ఈడ్చి, మాస్టారు పెట్టెలోంచి తల బయటికి తీసేలోపే తలుపుకు భుజాలు ఆనించి ఒక్క తోపు తోశారు.

ఖణేల్‌మని తలుపు పడింది. ఆ తలుపు చేత్తో మూస్తే పడుతుంది. తెరవాలంటే మాత్రం మెషీన్‌కు ఆర్డరు ఇవ్వాల్సిందే.

తలుపులో ఉన్న చిన్న అద్దం వెనక మాస్టారు మొహం కనబడింది. కోపం, ఆ తర్వాత తెరమీదికి చూపు. అంకె దగ్గర ఆగిపోయిన ఆ వరస. ఆ మొహంలో అంతా తేటతెల్లమవడం వదిన నింపాదిగా చూసింది. లోపలివాళ్ళతో మాట్లాడే గోడమీది మైకు గరగరలాడింది.

"ఖాళీ తీసేశావా?"

"అవునండీ."

"బ్రాకెట్‌ను మింగేసింది!"

"మీ మెథడే మింగింది. చూడటానికి తీసింది, వెనక్కి పెట్టలేదు."

"సరే, సరే. ఆ ఆర్డరును వెనక్కి తీసెయ్."

"ఎలాగండీ? వెనక్కి పెట్టడం మీరు రాయలేదు కదా."

మాస్టారు టార్చితో అద్దాన్ని కొట్టాడు.

"అయితే తలుపు తెరవమని ఇంకో ఆర్డరు ఇవ్వు!"

"ఇస్తాను. కానీ ముందున్నది పూర్తయితే గానీ మెషీన్ తర్వాతదాన్ని పట్టించుకోదు. పూర్తిచేయమంటారా?"

"వద్దు! వద్దే! ఆగు!" అద్దం మీద రెండు అరచేతులు పడ్డాయి. "నీ మొగుణ్ణే!"

"మా ఆయన పడవలో పోయాడండీ. పెట్టె కూడా వచ్చింది."

నెమలి వరండాలో నిలబడి చిన్న అద్దంలో చూసుకుంటూ పెదాలకు రంగు దిద్దుకుంటోంది. గీత తప్పి రంగు గడ్డం దాకా పోయింది. "నీ సంసారం అయ్యాక చెప్పు వదినా, వెళ్దాం," అంది.

వదిన అద్దాల గదిలోకి వెళ్ళి రేకు పెట్టె ముందు కూర్చుంది. విగ్గు తీసి పక్కన పెట్టింది. ఫోను మోగింది.

"నెమలి?" పెద్దాయన గొంతు.

"బయటే ఉంది సార్. అలంకరించుకుంటోంది."

"భేష్! మాస్టారు?"

"మాస్టారెవరో మీకు తెలుసుగా సార్."

అటువైపు గ్లాసు బల్లకు తగిలిన చప్పుడు.

"అందుకే నిన్ను పంపించాను," అన్నాడు పెద్దాయన. "అతని రాత చదవగలిగింది నువ్వొక్కదానివే. చెబితే నీ చేయి వణికేది. చూశావా, చెప్పకపోవడమే మంచిదైంది. ఇప్పుడెక్కడున్నాడు?"

"నాలుగో గదిలో. తలుపు వేసి ఉంది."

"ఫ్యాన్లు?"

"తిరగడం లేదు."

"అయితే బతికే ఉంటాడు. విను వదినా, అతను నాకు ప్రాణాలతో కావాలి. వాళ్ళ రహస్య లిపి మొత్తం వాడి తలలో ఉంది. వాడికి కొత్త పేరిద్దాం, కొత్త ఇల్లిద్దాం. మన పక్కన కూర్చోబెట్టుకుందాం. పాతవన్నీ తవ్వుకుంటే ఎవరికేం లాభం? గోడ పగలగొట్టేవాళ్ళు బయల్దేరారు. వాళ్ళు వచ్చేదాకా ఆ మెషీన్‌ను ముట్టుకోకు. వింటున్నావా?"

"వింటున్నాను సార్."

మెషీన్ మీద ఆకుపచ్చ దీపం ఓపిగ్గా వెలుగుతోంది. దానికి కావలసింది ఇంకొక్క అక్షరం.

వదిన కీబోర్డు మీద వేలు పెట్టి బ్రాకెట్ మూసింది. ముందు ఖాళీ వదల్లేదు.

భవనం అడుగునుంచి పైకప్పు దాకా ఫ్యాన్ల హోరు లేచింది. ఆకుపచ్చ దీపం ఒక్కసారి ఆరి, మళ్ళీ వెలిగి, తర్వాతి ఆర్డరు కోసం ఎదురుచూడసాగింది.

"ఏంటా చప్పుడు?" అని అరిచాడు పెద్దాయన. "వదినా! ఏమైంది అక్కడ?"

"తలుపు పాడైంది సార్."

"పాడవడమేంటి? ఎంత పాడైంది?"

వదిన రేకు పెట్టె మూత ఉన్నచోట ఉన్నట్టు బిగించి లేచింది.

"ఆ రోజు పడవ పాడైనంత."